‘ఎవరికి తెలియజేయాలి?’ అనే గడి
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఇల్లు పోగొట్టుకుని వీధిన పడిన వారి గురించి, వారిని తిరిగి ఒక కప్పు కిందికి చేర్చడం గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లూ ఊళ్లూ ప్రకటించడం లేదు.

ప్రశ్న: మా అన్నయ్య ధాన్యం కమీషన్ వ్యాపారంలో దెబ్బతిని, ఊళ్లో పదకొండు మంది దగ్గర చేసిన అప్పు తీర్చలేక, ఆరేళ్ల క్రితం ఒక తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లిపోయారు. మొన్న మాఘమాసంలో మా ఊరి కుర్రవాడొకడు ఆయన్ను సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద చూశానని ఫోన్ చేశాడు. నేను, మా వారు, మా చిన్నాన్న, వదిన తమ్ముడు కారు మాట్లాడుకుని వెంటనే వెళ్లాం. అన్నయ్య మా వంక చూసి, ‘మీరు ఎవరినో చూసి పొరబడ్డారు’ అని, సంచీ చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. అమ్మ అప్పటి నుంచి సరిగా తినడం లేదు. వదిన శనివారాలు ఉపవాసం ఉంటోంది. మేం ఇప్పుడు ఏం చేయాలి?
– ఒక చెల్లెలు, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, మీ అన్నయ్య మిమ్మల్ని గుర్తుపట్టారు. గుర్తుపట్టబట్టే అక్కడ నిలవలేకపోయారు. మీరు నలుగురు ఒక్కసారి కారు దిగడం మీ దృష్టిలో ప్రేమ. పదకొండు మందికి ముఖం చూపలేక వచ్చిన మనిషికి మాత్రం అది పంచాయితీ తరలివచ్చినట్లే ఉంటుంది. అందులోనూ వదిన తమ్ముణ్ణి చూడగానే ఆయనకు అప్పు కంటే ముందు గుర్తొచ్చింది, భార్యను దిక్కులేనిదాన్ని చేసి వచ్చానన్న సంగతి. కాబట్టి ఆ మాటను తిరస్కారంగా తీసుకోకండి.

నేను కొన్నేళ్లుగా వారానికొక సాయంత్రం హైదరాబాద్‌లో నిరాశ్రయుల వసతి గృహమొకదానికి వెళ్లి రిజిస్టరు రాయడంలో సాయపడుతున్నాను. పేరు, వయసు, ఊరు, చేసే పని రాసుకున్నాక చివర ఒక గడి ఉంటుంది: ‘అవసరమైతే ఎవరికి తెలియజేయాలి?’ అప్పటిదాకా గడగడా చెప్పినవాళ్లు అక్కడికి వచ్చేసరికి ఆగిపోతారు. ‘ఎవరూ లేరు, రాసేయండి’ అంటారు. రాయలసీమ నుంచి వచ్చిన ఒకాయన నాలుగు నెలలు అదే మాట అన్నారు. ఒకనాటి రాత్రి జ్వరంతో పడుకుని ఉండగా, అడక్కుండానే పది అంకెలు తప్పు లేకుండా చెప్పి, ‘మా పెద్దమ్మాయి నంబరు, గళ్లో రాసుకోండి, ఫోన్ మాత్రం చేయకండి’ అన్నారు. ఫోనే లేని మనిషి ఆ నంబరును అన్నాళ్లూ మనసులో మోస్తూనే ఉన్నారన్నమాట. మీ అన్నయ్యకు కూడా మీ ఇంటి నంబరు నోటికి వచ్చి ఉంటుందని నా నమ్మకం.

మళ్లీ వెళ్లండి. ఈసారి ఒక్కరే వెళ్లండి. చిన్నప్పుడు ఆయన ఎవరితో ఎక్కువ చనువుగా ఉండేవారో వారే వెళ్లాలి, అది మీరే కావచ్చు. పగలు వెతికితే దొరకరు. ఫుట్‌పాత్ మీద పడుకునే మగవాళ్లలో చాలామంది పగలు అడ్డా మీద కూలికి పోతారు, ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ పనికి పోతారు. పెళ్లిళ్ల రోజుల్లో అర్ధరాత్రి దాటాక గానీ తిరిగిరారు. రాత్రి తొమ్మిది, పది మధ్య వెళితే, చెప్పులు ఎవరూ ఎత్తుకుపోకుండా తల కింద పెట్టుకుని, సంచీ తాడు చేతికి చుట్టుకుని పడుకుని ఉంటారు. నిద్రలో ఉంటే లేపకండి, కాస్త దూరంగా కూర్చోండి. పక్కనున్న టీ బండి అతన్ని కూడా పరిచయం చేసుకోండి, ఎందుకంటే మీ అన్నయ్య ఏ పూట ఎక్కడ ఉంటారో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మొదటిసారి ‘ఇంటికి రా’ అనవద్దు. అమ్మ మంచాన పడిందని చెప్పి ఒత్తిడి చేయవద్దు, ఆ మాట ఆయన్ను ఇంటికి తేవడానికి బదులు ఇంకో స్టేషన్‌కు తరిమే ప్రమాదం ఉంది. అమ్మ ఎలా ఉందని ఆయనే అడుగుతారు, అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇల్లు, చెట్టు, పిల్లల చదువులు, గోదావరికి ఈసారి వచ్చిన నీరు, ఇలాంటి మామూలు కబుర్లు చెప్పి లేచి రండి. వచ్చే వారం ఫలానా రోజు మళ్లీ వస్తానని చెప్పి, ఆ రోజు తప్పకుండా వెళ్లండి. ఆరేళ్లుగా ఎవరూ తన కోసం ఒక రోజును పెట్టుకోని మనిషికి ఆ మాట నిలబెట్టుకోవడమే పెద్ద ఆసరా. నేను చూసినంతలో మూడో రాకకో, నాలుగో రాకకో గాని మాట కలవదు.

ఈలోగా ఊళ్లో చేయవలసిన పని ఒకటి ఉంది, అది మీ చిన్నాన్నకు అప్పగించండి. పదకొండు మందిలో ఇప్పటికీ బాకీ అడుగుతున్నది ఎందరో, అసలు ఎంతో, వడ్డీ ఎంతో కాగితం మీద పెట్టించి, పెద్దమనుషుల సమక్షంలో వాయిదాలు మాట్లాడాలి. మాట కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించండి, 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కోర్టు ఫీజు ఉండదు, ఆ తీర్పుపై అప్పీలు ఉండదు. ‘ఊళ్లో అంతా సర్దుకుంది’ అని ఊరికే చెబితే మీ అన్నయ్య నమ్మరు. పేర్లూ మొత్తాలూ సంతకాలూ ఉన్న కాగితం చూపిస్తే నమ్ముతారు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఆయన తనలో తాను మాట్లాడుకుంటున్నా, ఎవరో వెంటపడుతున్నారని భయపడుతున్నా, అది సిగ్గు కాదు, జబ్బు. 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ) నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే సలహా తీసుకోవచ్చు. మానసిక వ్యాధితో వీధుల్లో తిరిగే వ్యక్తి కనిపిస్తే పోలీసులు రక్షణ కల్పించి 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలనీ, కుటుంబం ఆచూకీ వెతకాలనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ చెబుతోంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో పెదవాల్తేరు ఆసుపత్రులు ఈ వైద్యానికే ఉన్నాయి. ఇక రెండవది తాగుడు. రోజూ తాగే అలవాటు పడి ఉంటే, ఇంటికి రావాలంటే ఇవాళే మానెయ్యాలని షరతు పెట్టకండి. అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

మీ ఇంటి రేషన్ కార్డులో అన్నయ్య పేరు ఇంకా ఉందో, తీసేశారో చూడండి. తీసేసి ఉంటే తిరిగి ఎక్కించే దరఖాస్తుకు కావలసినవన్నీ సిద్ధం చేసి పెట్టండి. మీ వదిన చేసే ఉపవాసాన్ని ఎవరూ వారించవద్దు, ఆరేళ్లు ఆ ఇంట్లో ఆయన చోటును ఖాళీగా నిలిపి ఉంచింది ఆమె నమ్మకమే. అయితే ఆమె ఆయన్ను కలవడానికి మాత్రం చివరన వెళ్లాలి, అదీ ఆయన అడిగిన తరవాతనే.

ప్రశ్న: నా వయసు నలభై ఆరు. పద్నాలుగు నెలలుగా నగరంలోని ఒక వసతి గృహంలో ఉంటున్నాను. నా సంచీతో పాటు కాగితాలన్నీ బస్టాండులో పోయాయి. వాచ్‌మన్ పనికి వెళితే ఆధార్ అడుగుతున్నారు, ఆధార్‌కు వెళితే చిరునామా అడుగుతున్నారు, చిరునామాకు గది తీసుకోబోతే మళ్లీ ఆధార్ అడుగుతున్నారు. ఈ చక్రం నుంచి బయటపడేది ఎలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: అయ్యా, మీ ఉత్తరంలోని ఆ ఒక్క వాక్యం ఈ సమస్యనంతా చెప్పేసింది. మనిషి వీధిన పడినప్పుడు కప్పు కంటే ముందు పోయేది, ‘ఈయన నాకు తెలుసు’ అని చెప్పే మనిషి. ఊళ్లో ఎవరూ మనల్ని కాగితం అడగరు. ఫలానా వారి అబ్బాయి అంటే చాలు, దుకాణంలో అరువు పుడుతుంది, ఇంట్లో వాటా అద్దెకు దొరుకుతుంది. నగరంలో ఆ మాట చెప్పేవారు లేనందువల్ల కాగితం కావాలి, ఆ కాగితం పుట్టాలంటే మళ్లీ ఎరిగిన మనిషి ఒకరు కావాలి. మీకు అలాంటి మనిషి ఉన్నారు, మీ వసతి గృహం నిర్వాహకులు.

గుర్తింపు ఉన్న వసతి గృహం నిర్వాహకులు ఆధార్ సంస్థ నిర్దేశించిన నమూనాలో, ఫొటో అంటించి, సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రం చిరునామా రుజువుగా చెల్లుతుంది. మీకు ఇదివరకే ఆధార్ ఉంది గనుక కొత్తది తీసుకోబోవద్దు, వేలిముద్రలు సరిపోలి దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రల సాయంతో పాత నంబరునే తీయించుకుని, ఈ ధ్రువపత్రంతో చిరునామా మార్పించుకోండి. బరువులు మోసి, సిమెంటు కలిపి వేలిముద్రలు అరిగిపోయి ఉంటే కంటిపాపతో ప్రయత్నించమని అడగండి. చాలామంది ఈ మాట అడగడం తెలియక వెనుదిరిగి వస్తున్నారు.

ఆధార్ చేతికి వచ్చేదాకా కూలి డబ్బు సంచీలో దాచుకోవద్దు. గుర్తింపు పత్రాలు లేనివారికి బ్యాంకులు ఫొటో, సంతకం లేదా వేలిముద్ర తీసుకుని ‘చిన్న ఖాతా’ తెరవవచ్చు. అందులో నిల్వ 50,000 రూపాయలు మించకూడదు, నెలకు 10,000 రూపాయలకు మించి తీయకూడదు, ఖాతా మొదట 12 నెలలు నడుస్తుంది. కౌంటర్ దగ్గర కాదన్నా, మేనేజరును కలిసి ఈ పేరు చెప్పి అడగండి.

ఓటు విషయం మీరు అడగలేదు గానీ నేనే చెబుతాను, ఎందుకంటే నాకు ఆ నిబంధన అంటే గౌరవం. ఇల్లు లేనివారు ఓటరుగా నమోదు కావడానికి నివాస రుజువు అక్కరలేదు. ఫారం 6లో తాను నిద్రించే చోటు రాస్తే, బూత్ లెవల్ అధికారి రాత్రిపూట అక్కడికి వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూడాలి. ఒక్క రాత్రి కాదు, అంతకంటే ఎక్కువసార్లు రావాలి. ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషిని లేపి తరమడానికి కాకుండా, ఆయన అక్కడ ఉన్నాడని రాసుకోవడానికి ఒక ప్రభుత్వోద్యోగి రాత్రివేళ రావాలని మన దేశంలో నిబంధన ఉంది. దాన్ని మీరు వాడుకోవాలని నా కోరిక.

వసతి గృహంలో ఇంకా ఎన్నాళ్లు ఉండనిస్తారోనని మీ ఉత్తరం చివర సందేహపడ్డారు. పట్టణ జనాభాలో ప్రతి లక్ష మందికి ఒక వసతి గృహం ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. తరవాత వచ్చిన కేంద్ర పథకం మార్గదర్శకాలు మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలన్నాయి. మీరు అక్కడ ఉండటం ఎవరి దయా కాదు.

ప్రశ్న: మా ఆలయ కమిటీ తరఫున రోజూ మధ్యాహ్నం నూట యాభై మందికి అన్నదానం జరుగుతోంది. కొంతకాలంగా పది, పన్నెండు మంది రాత్రిళ్లు ముఖమండపంలో పడుకుంటున్నారు. వారిలో ఇద్దరు ఆడవాళ్లు. శుభ్రత పోతుందనీ, హుండీకి భద్రత ఉండదనీ కమిటీలో కొందరు గేటు వేయించాలంటున్నారు. భక్తి వల్ల వీరి బతుకు బాగుపడుతుందా, లేక అన్నం పెట్టి మనమే వారిని ఇక్కడ కట్టిపడేస్తున్నామా అని ఇంకొందరు అడుగుతున్నారు. మీరేమంటారు?
– ఆలయ కమిటీ సభ్యుడు, వరంగల్

సమాధానం: అయ్యా, 2011 జనాభా లెక్కలప్పుడు ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివారిని లెక్కపెట్టారు. ఎక్కడెక్కడ వెతకాలో గణకులకు చెప్పిన జాబితాలో రోడ్డు పక్కలు, పెద్ద సిమెంటు గొట్టాలు, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాలు, వాటితో పాటు ప్రార్థనాస్థలాలు, మండపాలు ఉన్నాయి. ఆ లెక్కలో దేశం మొత్తం మీద తేలినవారు 17 లక్షల 70 వేల పైచిలుకు. అంటే మీ ముఖమండపం ఈ దేశంలో తలదాచుకునే చోట్లలో ఒకటిగా ఎప్పుడో నమోదైంది. దానికి గేటు వేస్తే ఆ పన్నెండు మంది మాయమైపోరు, కనపడని చోటికి పోతారు. ఆ ఇద్దరు ఆడవాళ్ల గురించి ముఖ్యంగా ఆలోచించండి, దీపం వెలుగుతున్న మండపం నుంచి చీకటి సందులోకి పంపుతున్నామన్న సంగతి కమిటీ గుర్తుంచుకోవాలి.

భక్తి వల్ల బాగుపడతారా అన్న ప్రశ్నకు నేను దూరం నుంచి జవాబు చెప్పలేను. ఉద్యోగం పోయి, ఇంట్లో మాట పడలేక, యవ్వనంలో నేను నలభై రోజులు పరాయి ఊళ్లో బస్టాండులో పడుకున్నాను. ఒక పూట గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే లంగరు భోజనం, ఒక పూట దర్గా దగ్గర పెట్టే అన్నం, ఏమీ దొరకనినాడు పంపు నీళ్లు. ఒక సోమవారం చినుకులు పడుతుంటే శివాలయంలోకి వెళ్లి ఓ మూల నిలబడ్డాను. అర్చకస్వామి అందరి దగ్గరకూ వచ్చినట్లే నా దగ్గరకూ వచ్చి, ‘నాయనా, పేరు, గోత్రం?’ అని అడిగారు. పళ్లెంలో వేయడానికి నా దగ్గర రూపాయి లేదు, ఆయన దాని వంక చూడనైనా చూడలేదు. ముప్ఫై రోజుల్లో నన్ను ఎవరూ పేరు అడగలేదన్న సంగతి అప్పుడు స్ఫురించింది. ఆయన నా పేరు పలికి, సంకల్పంలో ‘సహకుటుంబానాం’ అనేసరికి నా కాళ్లలో బలం పోయి అక్కడే కూలబడ్డాను. నాకు కుటుంబం ఉందని ఆయన అంత మామూలుగా, అంత నమ్మకంగా అన్నారు. పది రోజుల తరవాత మా బావగారికి ఉత్తరం రాశాను, ఆయనే వచ్చి తీసుకువెళ్లారు. ఆయన ఆ రోజు కొనిపెట్టిన రెండు ఇడ్లీల పొట్లం, ఆయన తలకు రాసుకున్న కొబ్బరినూనె వాసన నాకింకా గుర్తున్నాయి.

కాబట్టి నా అనుభవం మేరకు చెబుతున్నాను. విశ్వాసం గది అద్దె కట్టదు, కానీ మనిషి తన పేరు తాను మరిచిపోకుండా కాపాడుతుంది. చర్చిలో పాస్టరుగారు పేరు పెట్టి ప్రార్థన చేసినా, మసీదులో పక్కవారు భుజం ఆనించి నిలబడినా జరిగేది అదే. అయితే అన్నానికి ముందు ప్రసంగం వినాలని, ఫలానా నామం జపించాలని షరతు పెట్టినచోట ఆ మేలు జరగదు. ఆకలితో ఉన్నవాడు దేవుణ్ణి ఒప్పుకున్నాడా, అన్నం కోసం తల ఊపాడా అన్నది అతనికే తెలియకుండా పోతుంది. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు (1841–1909) పడవ దిగి వచ్చినవారికి వేళ కాని వేళలో వండి పెట్టింది ఏ షరతు మీదా కాదు. తిరుమలలో 1985లో మొదలై నేటికీ నడుస్తున్న నిత్యాన్నదానంలో కూడా పంక్తిలో కూర్చున్నవారిని ఎవరూ ఏమీ అడగరు.

అన్నం పెట్టి కట్టిపడేస్తున్నామా అన్న అనుమానం నాకు సబబుగా తోచలేదు. అన్నం దగ్గరే ఆగిపోతున్నామా అని అడిగితే అది సరైన ప్రశ్న. రోజూ నూట యాభై మందికి కూరగాయలు తరగాలి, గుండిగలు తోమాలి, విస్తళ్లు వేయాలి. ఆ పన్నెండు మందిలో చేయగలిగినవారికి ఆ పని కూలికి ఇవ్వండి, సేవ పేరుతో ఊరికే చేయించుకోవద్దు. ఉదయం ఆరింటికి ఫలానా చోట తన కోసం ఎదురుచూస్తారని తెలిసిన మనిషి రాత్రి తాగడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. స్నానాలగది తాళం ఒకరికి అప్పగించండి. సంచులు దాచుకోవడానికి ఒక బీరువా కేటాయించండి, హుండీ భద్రత గురించిన భయంలో చాలా భాగం అక్కడే పోతుంది, ఎందుకంటే వారికి కూడా దొంగల భయమే. పుర కార్యాలయంలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) విభాగం వారిని కలిసి, వసతి గృహంలో ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయో తెలుసుకోండి. ఆ ఇద్దరు ఆడవాళ్ల విషయం మాత్రం ఇవాళే చూడండి, 181కు ఫోన్ చేస్తే సఖి కేంద్రం వారు వస్తారు. పిల్లలు కనిపిస్తే 1098.

ప్రశ్న: మా పక్కింటి పెద్దావిడ ఉన్న ఒక్క ఇంటినీ కొడుకు పేర దాన సెటిల్‌మెంట్ చేశారు. ఏడాది తిరగకుండా ఆమెను బయటికి పంపేశారు. ఇప్పుడు మా అరుగు మీద పడుకుంటున్నారు. ‘నా కొడుకు మీద కేసు పెట్టను’ అంటున్నారు. ఏం చేయగలం?
– ఒక గృహిణి, గుంటూరు జిల్లా

సమాధానం: అమ్మా, ముందు మీ అరుగుకు నమస్కారం. ఆమెకు ఇలా చెప్పండి: ఇది పోలీసు కేసు కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో ఉండే ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు, వకీలు అక్కరలేదు. తానే రాయలేకపోతే ఆమె తరఫున మీరే ఇవ్వవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా మనోవర్తి ఇప్పించే అధికారం ఆ ట్రిబ్యునల్‌కు ఉంది, కొడుక్కి నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోనప్పుడు రద్దు చేయించడానికి 23వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. దస్తావేజులో ఆ షరతు ఉందో లేదో చదివించండి. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆమె రాసిచ్చిన దానపత్రాన్ని రద్దు చేస్తూ, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలని చెప్పింది. 14567 వృద్ధుల సహాయ నంబరు. రాజీకి పిలిచి మాట్లాడే వీలు కూడా ఈ చట్టంలోనే ఉంది గనుక, కొడుకును శిక్షించడానికి కాదు, పిలిచి కూర్చోబెట్టడానికే ఈ అర్జీ అని చెబితే ఆమె మనసు ఒప్పుకోవచ్చు. వృద్ధాప్య పింఛను వస్తోందో, అది ఎవరి చేతికి పోతోందో కూడా కనుక్కోండి.

ప్రశ్న: ఎనిమిదేళ్ల తరవాత ఇంటికి వెళుతున్నాను. తమ్ముడు రెండుసార్లు వచ్చి పిలిచాడు. క్యాటరింగ్ పనిలో కూడబెట్టిన పద్దెనిమిది వేలు బ్యాంకులో ఉన్నాయి. వెళ్లాలనే ఉంది. ఊరి బస్సు దిగిన దగ్గర నుంచి ఇంటి దాకా నడవడం తలచుకుంటేనే గుండె జారిపోతోంది. ఎవరైనా ఇన్నాళ్లు ఎక్కడున్నావంటే ఏం చెప్పాలి?
– ఒక పాఠకుడు, వసతి గృహం నుంచి

సమాధానం: అయ్యా, మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. వెళ్లండి. సంక్రాంతికి మాత్రం వద్దు. అప్పుడు ఊరి నిండా కొత్త అల్లుళ్లు, కార్లు, అరుగు అరుగునా చుట్టాలు ఉంటారు, ప్రతివాళ్లూ పలకరిస్తారు. మామూలు పనిరోజున, పొలాలకు పోయినవాళ్లు ఇంకా తిరిగిరాని మధ్యాహ్నం వేళ దిగండి. తమ్ముణ్ణి బస్సు దగ్గరికి రమ్మనండి, బండి మీద కాదు, నడిచి రమ్మనండి. పక్కన ఇంటి మనిషి నడుస్తుంటే ఊరు అడిగే తీరే వేరుగా ఉంటుంది. ఎవరైనా అడిగితే, ‘హైదరాబాద్‌లో క్యాటరింగ్‌లో పనిచేశాను’ అనండి. అది అబద్ధం కాదు. మిగతాది చెప్పాలో లేదో, ఎవరికి చెప్పాలో మీ ఇష్టం, ఎవరికీ లెక్క చెప్పవలసిన బాకీ కాదది.

పద్దెనిమిది వేలనూ మొదటిరోజే ఎవరి చేతిలోనూ పెట్టకండి. అమ్మకో, తమ్ముడి పిల్లలకో బట్టలు తీసుకువెళ్లండి, మిగిలింది ఖాతాలో ఉండనివ్వండి. ఇంట్లో మొదటి నెల కష్టంగానే ఉంటుంది. తలుపు వేసిన గదిలో నిద్ర పట్టదు. ఫ్యాను చప్పుడుకు మెలకువ వస్తుంది. బయట అరుగు మీద పడుకోవాలనిపిస్తే పడుకోండి, తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి, తన ఇల్లు నచ్చలేదని అతను నొచ్చుకోకుండా ఉంటాడు. ఊళ్లో పని వెంటనే దొరక్కపోతే పెళ్లిళ్ల సీజనుకు నగరానికి వచ్చి పోవడంలో తప్పు లేదు, ఈసారి తిరిగి వెళ్లడానికి ఒక గడప ఉంటుంది. చిన్నప్పుడు వెళ్లిన గుడో, చర్చో, ఊరి చివర పీర్ల చావిడో ఉంటే మొదటి వారంలోనే ఒకసారి వెళ్లి కూర్చుని రండి.

ఇంకొక్క పని ఉంది. బస్సెక్కే ముందు మీ వసతి గృహంలో రిజిస్టరు అడిగి తీసుకోండి. ఎనిమిదేళ్లలో మీరు ఎన్ని చోట్ల ఆ చివరి గడిలో ‘ఎవరూ లేరు’ అని రాయించారో నాకు తెలియదు గానీ, ఇక్కడ ఉన్నదాన్ని కొట్టేసి, మీ తమ్ముడి పేరు, ఫోన్ నంబరు మీ చేత్తో రాసి వెళ్లండి.